చేరవేయని కబురు

థర్మామీటర్ 98.2 చూపించింది. ఆ అంకెను నేను రెండు రోజులు నమ్మాను.

2019 ఆషాఢం, సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాల ఆదివారం. మారేడ్‌పల్లిలో మా వీధి చివర పొద్దున్నించే మైకు మోగుతోంది. అమ్మకు అప్పటికి ఎనభై ఒకటి. ఏటా ఆ రోజు తలంటుకుని, బాల్కనీలో కుర్చీ వేయించుకుని, నెత్తిన బోనంతో వెళ్లే ఆడవాళ్లను చూస్తూ కూర్చునేది. ఆ ఏడు కుర్చీ అడగలేదు. “ఉక్కగా ఉంది, పడుకోనీ” అని గోడవైపు తిరిగింది. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మను చూసుకునే ఆయమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

“అమ్మ పొద్దుగాల్నుంచి ముద్ద ముట్టలే మేడం. నన్ను జూసి నువ్వెవరివే అంటున్నది.”

వెళ్లి నుదురు ముట్టుకున్నాను. చల్లగానే ఉంది. థర్మామీటర్ పెట్టాను. “జ్వరమేం లేదు, నిద్రమత్తు. మధ్యాహ్నం కాస్త జావ పట్టు” అన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగింది. ఆగడం నేను చూశాను. అడగలేదు.

రాత్రి న్యూజెర్సీ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. “అక్కా, అమ్మ ఎలా ఉంది?” “బాగానే ఉందిరా, పడుకుంది” అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నా దగ్గరున్న అంకెలో జ్వరం లేదు, అంతే.

మర్నాడు సోమవారం టీవీలో రంగం వస్తోంది. ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ అమ్మవారి మాట వినిపిస్తుంది. ఆ మాట ఆమెది కాదు, ఆమె గొంతులోంచి వస్తుంది. ఎంత పనిలో ఉన్నా ఆ పావుగంటకు అమ్మ టీవీ ముందు చేరేది. ఆ రోజు టీవీ శబ్దానికి కూడా తల తిప్పలేదు. ఆయమ్మ మళ్లీ వచ్చింది. “ఊపిరి గూడ గబగబ తీస్తున్నది మేడం.” మళ్లీ థర్మామీటర్, మళ్లీ దాదాపు అదే అంకె. ఏసీ వేశాను.

మంగళవారం తెల్లవారుజామున చూస్తే అమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి నెమ్ము అన్నారు, రెండు ఊపిరితిత్తులకూ. అక్కడ ఒక కుర్ర డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అడిగాడు: “ఎప్పట్నుంచి తినడం లేదమ్మా?” నేను “నిన్నటి నుంచి” అన్నాను. నా వెనకనుంచి, మెల్లగా, “ఆదివారం పొద్దుగాల్నుంచి సార్” అని వినిపించింది. డాక్టరు నన్ను దాటి ఆమెను చూశాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాడు. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినదాన్ని. జ్వరం అంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని.

“పెద్ద వయసులో ఒక్కోసారి ఇన్‌ఫెక్షన్ ఎంతున్నా ఒళ్లు కాలదమ్మా” అన్నాడు ఆ డాక్టరు, నా ముఖం చూసి కాబోలు, కాస్త మెత్తగా. “తిండి మానేయడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఊపిరి వేగం పెరగడం... వీళ్లకు అదే జ్వరం అనుకోండి.” ఆదివారం నుంచి ఆయమ్మ నాకు చెబుతున్నవి సరిగ్గా అవే మూడు.

అమ్మ పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. వరండాలో కూర్చుని చేసే పనేమీ లేక ఫోనులో చదవడం మొదలుపెట్టాను. జ్వరం ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే అంతకుముందే జవాబు తెలియాల్సిన ఇంకో ప్రశ్న ఎదురైంది. అసలు జ్వరం ఎలా వస్తుంది?

నేను చెప్పిన పాఠంలో రోగనిరోధక శక్తి అంటే తెల్లకణాల సైన్యం. శత్రువు వస్తాడు, సైన్యం లేస్తుంది. శత్రువు వచ్చాడన్న కబురు సైన్యానికి ఎవరు చెప్పారన్నది మా పాఠంలో లేదు, ఏ పిల్లా అడగలేదు కూడా. మన కణాల పైపొరలోనూ, కొన్ని కణం లోపలి సంచుల్లోనూ టోల్ లాంటి గ్రాహకాలు ఉంటాయి. టోల్ జర్మన్ మాట, అబ్బురపడినప్పుడు వాళ్లు అనేది. మన టోల్‌గేటుకూ దానికీ చుట్టరికం లేదు. మనిషిలో ఇవి పది రకాలు. ఒకటి బాక్టీరియా పైపొరలోని కొవ్వును పసిగడుతుంది, ఒకటి దాని తోకను, ఒకటి డీఎన్‌ఏను. జూల్స్ హాఫ్‌మన్ ఈగల్లోనూ, బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లోనూ వీటి పని తేల్చినందుకు 2011లో నోబెల్ అందుకున్నారు.

కానీ గ్రాహకం తలుపు దగ్గర కాపలావాడు మాత్రమే. వాడు చూసింది కణం నడిబొడ్డున ఉండే జన్యువుల దాకా చేరాలి. గ్రాహకం తోక కణం లోపలికి వేలాడుతూ ఉంటుంది గానీ దానికి సొంతంగా ఏ పనీ చేతకాదు. లోపల పని చేయగల ఎంజైములు ఉన్నాయి గానీ వాటికి ఆ తోకను పట్టుకునే చెయ్యి లేదు. రెండింటికీ మధ్య ఒకరు కావాలి. దాని పేరు అడాప్టర్ ప్రోటీన్. తమ్ముడు అమెరికా నుంచి తెచ్చే ఛార్జర్ల బల్లపరుపు పిన్నులు మన గోడ ప్లగ్గులో దూరవు కదా, మధ్యలో ఒక చిన్న తెల్ల ముక్క పెడతాం. దాని పేరూ అదే. ఆ ముక్క కరెంటు పుట్టించదు, ఫోను నడపదు. అది లేకపోతే మాత్రం రెండూ ఉండీ లేనట్టే.

ఈ అడాప్టర్లలో పెద్దన్న మైడ్88. 1990లో రక్త కణాలు ఎదిగేటప్పుడు మేల్కొనే జన్యువుల జాబితాలో అది కనిపించింది. ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు, అందుకే పేరు బదులు 88 అని అంకె తగిలించి వదిలేశారు. అది కబురు మోసే ప్రోటీన్ అని తెలియడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టింది. 296 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఒక కొసన గ్రాహకం తోకను పట్టుకునే చెయ్యి, ఇంకో కొసన ఐరాక్4 అనే ఎంజైమును పట్టుకునే చెయ్యి. దేన్నీ కోయదు, దేనికీ ఏదీ అతికించదు. పట్టుకోవడమే దాని పని. ఆ పట్టు ఎలా ఉంటుందో 2010లో చూశారు. ఆరు మైడ్88లు, నాలుగు ఐరాక్4లు, వాటి కుటుంబానికే చెందిన నాలుగు ఐరాక్2లు మెలిక మెట్లలాగా ఒకదానిమీద ఒకటి పేర్చుకున్నాయి. ఆ మెట్ల మీదుగా కబురు దిగుతుంది. జన్యువులు మేల్కొంటాయి. కణం రసాయనాలు చల్లుతుంది. అవి రక్తంలో మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కు చేరి, అక్కడ ఒంటి వేడి గీతను పైకి జరుపుతాయి. ఆ కొత్త గీత ముందు ఉన్న వేడి తక్కువగా అనిపించి మనకు చలి పుడుతుంది. అందుకే జ్వరం వణుకుతో మొదలవుతుంది.

ఇది చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. పది గ్రాహకాల్లో మూడో నంబరు తప్ప మిగతావి దాదాపు అన్నీ మైడ్88 ద్వారా కబురు పంపుతాయి. కొవ్వును చూసినవాడూ, తోకను చూసినవాడూ, డీఎన్‌ఏను చూసినవాడూ ఈ చేతి దగ్గరికి రావాల్సిందే. ఎవరు తెచ్చారు, వాడి స్థాయి ఏమిటి అని అది అడగదు. పట్టుకుంటుంది, అందిస్తుంది.

ఆ వరండాలో నన్ను నేను అడిగిన ప్రశ్న చిన్నదే. ఆయమ్మ చెప్పింది నేనెందుకు అందించలేదు?

మొదట దొరికిన జవాబు మర్యాదగానే ఉంది. దూరాన ఉన్న తమ్ముణ్ని కంగారు పెట్టడం ఎందుకు అనుకున్నాను. రెండోది కాస్త ఇబ్బంది పెట్టింది. నేను చదువుకున్నదాన్ని, నాకు అంకె కనిపిస్తోంది, అంకె ఉండగా మాట ఎందుకు అనుకున్నాను. ఈ రెండింటితో ఒక వారం గడిపాను. మూడోది ఉందని నాకు తెలుసు, దానివైపు చూడలేదు. అదే రెండు ముక్కలు మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన స్నేహితురాలు వచ్చి చెప్పి ఉంటే? “మీ అమ్మగారు తినడం లేదు, మనిషిని గుర్తుపట్టడం లేదు” అని ఆమె అని ఉంటే ఆదివారం సాయంత్రమే ఆటో పిలిచేదాన్ని. అమ్మతో రోజుకు పదిగంటలు గడిపే మనిషి మాటకు మా ఇంట్లో ఉన్న విలువ అది. ఇంట్లో ఏ కులాన్నీ, ఏ పేదనూ చిన్నచూపు చూడం అని గర్వంగా చెప్పుకునే ఇల్లే మాది. మనలో చాలామందిమి అలాగే చెప్పుకుంటాం. చిన్నచూపు చూపులో ఉండదేమో, చెవిలో ఉంటుందేమో.

ఆ చెయ్యే లేకపోతే ఏమవుతుందో చెప్పే పరిశోధన ఒకటి 2008లో అచ్చయింది. మైడ్88 పుట్టుకతోనే పనిచేయని తొమ్మిది మంది పిల్లల గురించి. వాళ్లకు కొన్ని బాక్టీరియాలు, ముఖ్యంగా న్యుమోకాకస్, స్టెఫిలోకాకస్ మాటిమాటికీ ప్రాణం మీదికి తెచ్చేవి. అంత జబ్బులోనూ మొదట్లో జ్వరం సరిగా రాదు, వాపు కనిపించదు. చూసేవాళ్లకు పిల్లవాడు బాగానే ఉన్నట్టుంటాడు. సూక్ష్మజీవిని గ్రాహకం చూసింది, తెల్లకణాలు ఉన్నాయి. మధ్యలో చెయ్యి లేదు. (చిన్నతనం దాటేవరకు కాపాడుకోగలిగితే, శరీరం నేర్చుకునే రెండో రకం రక్షణ బలపడి ప్రమాదం తగ్గుతుందట. ఇది చదివి ఎందుకో నాకు ధైర్యం వచ్చింది.)

మా అమ్మకు ఆ లోపం లేదు, అది స్పష్టంగా చెప్పాలి. ముసలితనంలో జ్వరం మందగించడానికి కారణాలు వేరే, చాలా. నేను పోల్చుకుంటున్నది అమ్మను కాదు, నన్ను.

నా ఈ అలవాటు పాతదే. పాఠాలు చెప్పే రోజుల్లో ఆగస్టు 20 వచ్చిందంటే పిల్లలను బేగంపేట తీసుకెళ్లేదాన్ని. పాత విమానాశ్రయం దగ్గర రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం అక్కడ ఉంది. 1897లో అదే తేదీన, దోమ పొట్ట గోడలో నల్లటి చుక్కలున్న కణాలను ఆయన చూశాడు. మలేరియా దోమలో పెరుగుతోందని అలా తెలిసింది, 1902లో నోబెల్ వచ్చింది. నేను పిల్లలకు ఉత్సాహంగా చెప్పేది ఏమిటంటే, పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలో కూర్చున్నాడనీ, చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయనీ. హుస్సేన్ ఖాన్ సంగతి ఒక్క వాక్యంలో ముగించేదాన్ని. మలేరియాతో ఉన్న రోగి, దోమకు అణా చొప్పున తీసుకుని చెయ్యి చాపి కుట్టించుకున్నాడు అని. పిల్లలు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. అతని రక్తం దాటకుండా ఆ చుక్కలు రాస్ కంటిదాకా వచ్చేవి కావు. ఆ మాట నాకు తోచలేదు. ఆస్పత్రి వరండాలో తోచింది.

అమ్మ ఇంటికొచ్చింది. నేను మారాను, కానీ మంచికి అని చెప్పలేను. దగ్గితే డాక్టరుకు ఫోను. జావ సగం వదిలితే తమ్ముడికి మెసేజి. అక్కడ అర్ధరాత్రా, మధ్యాహ్నమా అన్న లెక్క లేదు. వాడు ఒకసారి సెలవు పెట్టి టికెట్ కొనేశాడు. తీరా వచ్చి చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని మిరపకాయ బజ్జీ తింటోంది. వాడేమీ అనలేదు. తిరిగి వెళ్లేరోజు ఎయిర్‌పోర్టుకు పోతూ కారులో అన్నాడు: “అక్కా, ఇప్పుడు నీ ఫోను మోగితే ఏది నిజమో నాకు తెలియడం లేదు.”

దీనికీ ఆ ప్రోటీన్‌లో ఒక రూపం ఉంది. మైడ్88లో 265వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారితే అది గ్రాహకం పిలవకుండానే గుంపుకట్టి, రాని శత్రువు వచ్చాడని లోపలికి అరుస్తూనే ఉంటుంది. వాల్డెన్‌స్ట్రామ్ అనే అరుదైన రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లలో పదింట తొమ్మిదిమందికి ఆ మార్పు ఉందని 2012లో తేలింది. కబురు ఆగితే ఒక జబ్బు, ఆగకపోతే ఇంకో జబ్బు.

మైడ్88కు ఒక తోడు అడాప్టర్ ఉంది, పేరు మాల్. మలేరియాతో పేరు కలవడం కాకతాళీయం. ఆ మాల్‌లో 180వ స్థానం దగ్గర కొందరికి ఒక మార్పు ఉంటుంది, దాంతో కబురు మందగిస్తుంది. ఆఫ్రికా దేశాలు, వియత్నాం, బ్రిటన్‌లలో ఆరు వేలమందికి పైగా పరీక్షించి 2007లో ఒక ఫలితం ప్రకటించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో ఒక్కటి మాత్రమే మందగించినవాళ్లకు మలేరియా, క్షయ, న్యుమోకాకస్ జబ్బుల ముప్పు తక్కువగా కనిపించిందట. రెండూ చురుకైతే ఒంట్లో మంట ఎక్కువై చేటు, రెండూ మందగిస్తే రక్షణ చాలదు. తర్వాతి పరిశోధనలు అన్నీ దీన్ని సమర్థించలేదు. కాబట్టి దీని మీద పెద్ద భవనం కట్టను. బేగంపేట భవనం ముందు నిలబడి ఎన్ని పాఠాలు చెప్పానో, ఈ మాల్ సంగతి తెలిసి ఉంటే ఇంకొకటి చెప్పేదాన్ని కదా అనిపించింది, అంతే.

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం. టీచరు కదా, కనిపించిన ప్రతిదాంట్లోంచీ నీతి పిండే అలవాటు. ప్రోటీన్‌కు మనసు లేదు, అహంకారం లేదు. అది మంచి దూత కావడంలో దాని గొప్పేమీ లేదు. చేతి ఆకారం అలా ఉంది కాబట్టి పట్టుకుంటుంది. మనిషి అలా ఉండగలదా? ఉండాలా? విన్నది విన్నట్టు చేరవేస్తూ పోతే ఇళ్లలో ఎన్ని కాపురాలు నిలుస్తాయి? అత్త అన్నది కోడలికీ, కోడలు అన్నది అత్తకూ చెప్పకుండా మధ్యలో మింగేసిన మా నాన్న లాంటివాళ్ల వల్లే మా ఇల్లు నిలిచింది. మింగడమూ ఒక పనే.

చాలాకాలం ఈ రెంటి మధ్యా ఊగాను. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఒక్క తేడా మాత్రం తెలిసినట్టుంది. నాన్న మింగింది విని మింగాడు. నేను విననేలేదు. గుమ్మం దగ్గర ఆమె చెప్పబోయి ఆగినప్పుడు, మిగతా మాట ఏమిటో తెలుసుకుని, ఆ తర్వాత తమ్ముడికి చెప్పాలా వద్దా అని ఆలోచించి ఉంటే అది నా నిర్ణయం అయ్యేది. చెయ్యి చాచకుండానే ఏది అందించాలో తేల్చేశాను.

తమ్ముడు వెళ్లాక ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. రోజూ సాయంత్రం ఆయమ్మ వెళ్లేముందు పక్కన కూర్చుని, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసేదాన్ని. “ఇయ్యాల రెండు ఇడ్లీలు తిన్నది. పాత పాట పాడింది. ఎడమ కాలు జర వాచింది.” నా అభిప్రాయం రాయకూడదని నియమం పెట్టుకున్నాను, పదిసార్లలో మూడుసార్లు తప్పాను. ఆదివారాలు ఆ పేజీలు ఫొటో తీసి తమ్ముడికి పంపేదాన్ని. ఒకరోజు రాస్తూ రాస్తూ అడిగాను, ఆ బోనాల రోజు గుమ్మం దగ్గర ఏం చెప్పబోయావు అని. ఆమెకు గుర్తులేదు. “ఏందో మేడం, మీరు పనిల ఉన్నరు గద” అంది.

అమ్మ ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. నిద్రలో పోయింది.

ఆయమ్మ ఇప్పుడు పద్మారావునగర్‌లో వేరే ఇంట్లో ఒక పెద్దాయన్ని చూసుకుంటోంది. మొన్న మధ్యాహ్నం ఫోను చేసింది. “తాత నిన్నటి సంది అన్నం ముడ్తలేడు మేడం. వాళ్ల కోడలికి చెప్తే జరం లేదు గద అంటున్నది.” ఊపిరి ఎలా ఉందని అడిగాను. చెప్పింది. మనుషుల్ని గుర్తుపడుతున్నాడా అని అడిగాను. చెప్పింది. ఆ ఇంటివాళ్ల నంబరు తీసుకుని, నన్ను నేను పరిచయం చేసుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టే ఆ కోడలికి చెప్పాను.